వడదెబ్బ తగలకూడదని

1974 వేసవి. అప్పుడు నేను విజయవాడలో పశువుల డాక్టరుని. గవర్నర్‌పేట కొట్లకి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉండేది మా ఆస్పత్రి. వచ్చేవన్నీ దాదాపు గేదెలూ, బళ్ళు లాగే ఎడ్లూ. కదల్లేని పశువుంటే నేనే సైకిలెక్కి కాలవగట్టు వెంట పోయేవాణ్ణి. కుక్కలు అరుదు. కుక్కకి జబ్బు చేస్తే డాక్టరుకి చూపించాలన్న ఆలోచన అప్పట్లో ఎక్కువమందికి లేదు. తెచ్చేవాళ్ళు కూడా ఎవరన్నా చూస్తే నవ్వుతారేమోనని దిక్కులు చూస్తూ తెచ్చేవాళ్ళు.

ఆ మే నెలలో కాలవలకి నీళ్ళు కట్టేశారు. పది గంటలకే వడగాలి మొదలయ్యేది. అలాంటి ఒక పొద్దున, ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన కుక్కని ఒళ్ళో పెట్టుకుని రిక్షా దిగాడు. పేరు జయరావు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం, ఇల్లు పటమటలో. కుక్క పేరు మోతీ. గోధుమరంగు ఆడకుక్క, నాటు జాతే. తల ఎత్తలేకపోతోంది.

మా కాంపౌండరు సుభాని దాన్ని అందుకుంటూ, "ఏమ్మా, రిక్షా ఎక్కి వచ్చావా? మా డాక్టరుగారిది ఇంకా సైకిలే" అన్నాడు. జయరావు నవ్వలేదు.

"ఏమైందండీ?" అని అడిగాను.

"మూత్రం ఎర్రగా పోస్తోందండీ. ఎరుపంటే ఎరుపు కూడా కాదు, కాఫీ డికాక్షన్‌లా ఉంటోంది. నాలుగడుగులు వేస్తే కూలబడిపోతోంది."

పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాను. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. దీనివి సున్నం వేసినట్టున్నాయి. కంటి తెలుపులో కొద్దిగా పసుపు. గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది. ఒంట్లో రక్తం తగ్గిపోయింది. దీన్నే మేము అనీమియా అంటాం. తగ్గిన రక్తం బయటికి కారిపోలేదు. ఒంట్లోనే ఎర్రకణాలు పగిలిపోతున్నాయి, ఆ రంగే మూత్రంలో దిగుతోంది.

మా ప్రాంతంలో కుక్కకి ఈ లక్షణాలుంటే ముందు అనుమానించేది టిక్ ఫీవర్. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పట్టుకుని రక్తం తాగే గోమార్ల ద్వారా ఒక సూక్ష్మజీవి ఎర్రకణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది. మోతీ చెవుల్లో గోమార్లున్నాయి కూడా. చెవి అంచు నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూశాను. దీన్ని బ్లడ్ స్మియర్ అంటారు. సూక్ష్మజీవి కనపడలేదు. కనపడనంత మాత్రాన లేదని చెప్పలేం కాబట్టి టిక్ ఫీవరుకిచ్చే ఇంజెక్షనే ఇచ్చాను.

"రోజూ ఏం పెడతారు?"

"అన్నమండీ. మా అమ్మ మజ్జిగ కలిపి పెడుతుంది. పైన ఎండు రొయ్యల పొడి చల్లితే ఏదైనా తినేస్తుంది."

"ఇంకేమన్నా?"

"ఇంకేం లేదండీ."

సెలైన్ ఎక్కించాలి, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచమన్నాను. జయరావు కాస్త తటపటాయించాడు. తర్వాత గొంతు తగ్గించి విషయం చెప్పాడు. వాళ్ళ నాన్న దేవదానంగారు రైల్వేలో గార్డుగా చేసేవారట. మోతీ పిల్లగా ఉన్నప్పుడు గుడివాడ స్టేషన్లో దొరికితే బండి చివర గార్డు కూర్చునే బ్రేకు వ్యానులో పెట్టుకుని ఇంటికి తెచ్చారట. కిందటి వేసవిలో డ్యూటీ మీద ఉండగా వడదెబ్బ తగిలి పోయారు.

"నాన్న పోయిందగ్గర్నుంచీ అమ్మ నాతో రెండు మాటలు మాట్లాడితే దీనితో ఇరవై మాట్లాడుతుందండీ. దీనికేమన్నా అయితే ఆమె తట్టుకోలేదు. అన్నం కూడా మానేస్తుందేమోనని నా భయం."

నేను ఏ మాటా ఇవ్వలేదు. మా పనిలో మాట ఇవ్వకూడదు.

సామాన్ల గది పక్కనున్న పాకలో మోతీకి చోటిచ్చాం. భోజనం తేవద్దని, వచ్చేపోయే పశువుల రోగాలు ఇంటికి మోసుకెళ్ళినట్టవుతుందని జయరావుకి సుభాని చెప్పాడు. ఎదురు టీకొట్టు నుంచి పాలూ బన్నూ తెచ్చి సుభానే తినిపించాడు. నాలుగైదు రోజుల్లో మూత్రం తేటపడింది. వారం దాటేసరికి చిగుళ్ళకి కొంచెం రంగొచ్చింది. తన కాళ్ళ మీద తనే నడిచి రిక్షా ఎక్కి వెళ్ళింది. ఇంజెక్షన్ పనిచేసిందనుకున్నాం.

రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి మొదటిసారి కంటే అధ్వాన్నంగా ఉంది. మూత్రం మళ్ళీ నల్లగా, ఊపిరి ఎగబీలుస్తూ. గోమార్లు ఒక్కటి కూడా లేవు. జయరావు మొహం కోపంతో కందిపోయి ఉంది.

"నాకు తెలిసిపోయిందండీ. పక్కింటాయన కోళ్ళు పెంచుతాడు. మోతీ గోడ దూకుతుందని ఎప్పుడూ గొడవే. ఆయనే ఏదో మందు పెడుతున్నాడు. ఇవాళ అటో ఇటో తేల్చుకుంటాను."

"తేల్చుకోవటం తర్వాత. ముందు నేనొకసారి మీ ఇల్లు చూడాలి" అన్నాను.

పశువుల విషయంలో మాకొక లెక్క ఉంటుంది. చోటు మారిస్తే తగ్గి, తిరిగి ఇంటికెళ్ళగానే తిరగబెట్టే జబ్బుకి మూలం ఆ ఇంట్లోనే ఉంటుంది. గేదె అయితే మేతా కుడితీ చూస్తాం. కుక్క అయితే ఇల్లూ పెరడూ అంతా చూడాలి. ఇంజెక్షన్ వల్ల తగ్గలేదని, మా దగ్గరున్నన్ని రోజులూ ఇంట్లో ఉన్నదేదో దానికి అందలేదు కాబట్టి తగ్గిందని నాకు అప్పుడు తోచింది. మోతీని సుభానికి అప్పగించి, జయరావు వెనకే పటమట వెళ్ళాను.

చిన్న పెంకుటిల్లు, చుట్టూ మట్టిగోడ. కరుణమ్మగారు వరండాలోనే నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి. మోతీ ఎలా ఉందని అడగలేదు. నా మొహం చూసి తెలుసుకోవాలని చూస్తున్నారు.

"ఉందండీ" అన్నాను. ఆవిడ తలూపారు.

పెరడంతా తిరిగాను. గోడ పొడుగునా గన్నేరు చెట్లున్నాయి. గన్నేరు ఆకూ పువ్వూ కుక్కకే కాదు, ఏ ప్రాణికైనా విషమే. కాని గన్నేరు దెబ్బతీసేది గుండెని. వాంతులవుతాయి, నాడి తప్పుతుంది, తేలేది త్వరగానే తేలిపోతుంది. ఇలా వారాల తరబడి రక్తాన్ని తినదు. మొక్కలకి ఆముదపు పిండి వేస్తారా అని అడిగాను. ఎరువుగా వేసిన ఆముదపు పిండిని వాసనకి కుక్కలు తవ్వుకుని తింటాయి, రక్తవిరేచనాలతో పోతాయి. అలాంటిదేమీ వెయ్యం అన్నారు. బట్టల్లో పెట్టే కలరా ఉండలు ఎర్రకణాలని పగలగొడతాయి. వాటి గురించి అడిగితే ట్రంకుపెట్టెలో ఉన్నాయన్నారు. పెట్టెకి తాళం. ఎలకల మందు ఇంట్లో లేదు. ఉమ్మెత్త మొక్క కోసం గోడ అవతల కూడా చూశాను. లేదు. జయరావు చెయ్యి గోడవైపు చూపించాడు. కాని పక్కింటివాళ్ళు పెట్టే మందైతే ఇంత నెమ్మదిగా, ఇంత క్రమంగా పనిచెయ్యదని నాకు అనిపించింది.

కరుణమ్మగారు స్టూలు తెచ్చి నీడలో వేశారు. మంచినీళ్ళిచ్చారు.

"మీకు పిల్లలెంతమంది బాబూ?"

"లేరండీ."

"మీ ఆవిడ?"

"ఆమె కూడా లేదు. రెండేళ్ళయింది. టైఫాయిడు."

"అట్టాగా" అన్నారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఎండ జరిగి నా కాళ్ళ మీద పడుతుంటే స్టూలు ఇంకొంచెం లోపలికి జరుపుకోమన్నారు, అంతే. తర్వాత వంటింట్లోకి వెళ్తూ, "జయా, క్యారియరు తీసుకెళ్ళు. ఈసారి వాళ్ళొద్దన్నా సరే నేను పంపిస్తా. ఈ ఎండల్లో ఎవరన్నా బన్నూ టీపాలూ పెడతారా? వేడి చెయ్యదూ?" అన్నారు.

లోపలినుంచి రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు వచ్చింది. కొంతసేపటికి ఘాటు వాసన వచ్చింది. లేచి గుమ్మం దాకా వెళ్ళాను. క్యారియరు గిన్నెలో మజ్జిగ కలిపిన చద్దన్నం. ఆవిడ రోట్లోంచి దంచిన పచ్చి ఉల్లిపాయ ముద్ద తీసి అందులో వేసి చేత్తో కలుపుతున్నారు.

"అది మోతీకేనా అండీ?"

"ఆఁ. వడదెబ్బ తగలకుండా. మీరు కూడా జేబులో ఒకటి వేసుకెళ్ళండి బాబూ. ఇంత ఎండలో సైకిల్ మీద తిరుగుతారు, టోపీ అన్నా లేదు."

"రోజూ పెడతారా?"

"ఎండలు ముదిరిందగ్గర్నుంచీ పెడుతున్నా. పొద్దునొక పెద్ద ఉల్లిపాయ, సాయంత్రమొకటి. జబ్బు చేశాక ఇంకోటి ఎక్కువేస్తున్నా. నీరసపడిపోయింది గదా."

జయరావు గుమ్మంలోకి వచ్చాడు. "అదేంటమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడడిగావు? అన్నం పెట్టావా అంటావు, పెట్టానంటాను. ఇది అన్నమా? మందు."

నేను ఆస్పత్రిలో జయరావుని అడిగిన ప్రశ్న కూడా అదే. ఏం పెడతారు? అతను అబద్ధం చెప్పలేదు. అసలతనికి తెలియదు. తెలిసినావిడ ఆస్పత్రికి రాలేదు. వచ్చి ఉన్నా చెప్పేవారు కాదేమో. మన వైపు వేసవిలో పచ్చి ఉల్లిపాయా మజ్జిగా తినని ఇల్లుండదు. దాన్ని ప్రత్యేకంగా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఆ రోజుల్లో సాయంత్రాలు నాకు చదువుకోవటం తప్ప వేరే పని లేదు. విషాల గురించిన ఒక పాత పుస్తకంలో, కుళ్ళిన ఉల్లిపాయల కుప్ప మీద పడి తిన్న పశువులు ఎర్రటి మూత్రం పోసి చనిపోయిన సంగతి చదివాను. కింద ఒక్క వాక్యం ఉంది, కుక్కలకి కూడా ఇది ప్రమాదమేనని. చదివినప్పుడు, కుక్క ఉల్లిపాయెందుకు తింటుందిలే అనుకుని పేజీ తిప్పేశాను. ఉల్లిపాయలోని ఒక పదార్థం ఎర్రకణాల పొరని దెబ్బతీస్తుంది. మన శరీరం తట్టుకుంటుంది, కుక్క శరీరం తట్టుకోలేదు. ఒక్కసారి కొంచెం తింటే తేరుకుంటుంది. రోజూ తింటే కొత్త కణాలు తయారయ్యేలోపే ఉన్నవి పగిలిపోతుంటాయి. ఉడికించినా ఆ గుణం పోదు. వెల్లుల్లిదీ అదే దారి.

కారణం దొరికింది. ఇక ఆవిడకి చెప్పాలి. అక్కడే ఆగిపోయాను.

ఎందుకంటే ఆవిడ కలుపుతూనే చెప్పుకుపోతున్నారు. "ఆయనకి కూడా ఆ రోజు గ్లాసు మజ్జిగలో ఇదే కలిపి ఇచ్చాను బాబూ. డ్యూటీకి టైమైంది, వాసనొస్తుంది, ఆఫీసరెవరో బండిలో ఉంటాడు అని అక్కడ పెట్టేసి పోయాడు. ఆ గ్లాసు తాగుంటే..." ఏడాదిగా ఆవిడ బతుకుతున్నది ఆ తాగని గ్లాసుతోనే. భర్తకి అందించలేకపోయినదాన్ని రెండు పూటలా ఈ కుక్కకి అందిస్తున్నారు. అది విషమని నేను ఎలా చెప్పను?

అలాంటి ఆలోచన మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు. మా ఆవిడ పోయిన తర్వాత రెండేళ్ళు నేను ఆ పథ్యపు రోజులన్నీ వెనక్కి తిరగేస్తూనే ఉన్నాను. నేనిచ్చిన గంజి, నేను వద్దన్న పళ్ళు, ఇంకో డాక్టరుకి ఒకరోజు ముందు చూపించి ఉంటే. వాటికి అంతు లేదు.

ఒక తేలిక దారి ఉంది. ఈ జబ్బుకి ఉల్లిపాయ పడదు, కొన్నాళ్ళు ఆపండి అంటే సరిపోతుంది. ఆవిడకి నొప్పి ఉండదు. కాని తగ్గాక వచ్చే వేసవికి మళ్ళీ పెడతారు. మోతీ కాకపోతే ఇంకో కుక్కకి పెడతారు, నలుగురికీ చెప్పి పెట్టిస్తారు. అందుకని ఉన్నమాటే చెప్పాను.

"అమ్మా, మోతీ జబ్బుకి కారణం ఈ ఉల్లిపాయే. మనకి మంచిదే. కుక్క ఒంటికి మాత్రం ఇది విషం. రక్తాన్ని విరగ్గొడుతుంది."

"ఏంటండీ మీరు..." అని జయరావు ముందుకొచ్చాడు. తల్లి చెయ్యి అడ్డంపెట్టి అతన్ని ఆపారు. ఆవిడ క్యారియరు గిన్నెకేసి చూశారు. ఏడుస్తారనుకున్నాను, కూలబడతారేమోనని కూడా అనుకున్నాను. ఆవిడ నావైపు తిరిగి ఒక్క ప్రశ్నే అడిగారు.

"మానేస్తే బతుకుతుందా?"

"రక్తం చాలా పోయింది. గట్టిగా చెప్పలేను. కాని మానేస్తే బతకటానికి అవకాశం ఉందండీ. మొదటిసారి మా దగ్గర తేరుకుంది కదా."

"అయితే మానేశా" అన్నారు. గిన్నె కొడుకు చేతిలో పెట్టారు. "పెరట్లో గొయ్యి తీసి పూడ్చు. పైపైన కాదు, లోతుగా. పక్కింటాయన కోళ్ళొచ్చి గీకుతాయి. వాటికేమవుద్దో ఏమో."

జయరావు ఆ గిన్నె పట్టుకుని గోడకేసి ఒకసారి చూసి, తలొంచుకుని గునపం తీసుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ పక్కింటాయన మాట నా దగ్గర ఎత్తలేదు.

నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. "మరి వడదెబ్బ తగలకుండా దానికేం చెయ్యాలి?"

నీడ, ఎప్పుడూ నిండుగా ఉన్న నీళ్ళతొట్టి, పడుకునే చోట తడిపిన గోనెపట్ట. మధ్యాహ్నాలు బయటికి వదలొద్దు. ఇంతేనని చెప్పాను. ఇంత తేలికా అన్నట్టు చూశారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడే రిక్షాలో ఆస్పత్రికొచ్చారు, ఉత్త మజ్జిగన్నం తీసుకుని. సుభాని మూత తీసి వాసన చూసి, "ఉల్లిపాయ లేదు కదమ్మా?" అన్నాడు.

"లేదులే నాయనా. నువ్వు కూడా నాకు జడ్జీవా?"

"నాకైతే తెచ్చిపెట్టండి, నేను మనిషినే. మా డాక్టరుగార్ని అడగండి, ఆయన కూడా ఒప్పుకుంటారు."

ఆవిడ నవ్వారు. పాకలో గోనె మీద మోతీ పక్కన కూర్చుని, అది ఒక్కో ముద్దా తింటుంటే చూస్తూ, "ఆయనకిస్తే వద్దన్నాడు. ఇదేమో ఒక్కరోజన్నా వద్దనలేదు" అన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, తర్వాతి ముద్ద కలిపారు.

ఉల్లిపాయకి విరుగుడు మందేమీ లేదు. ఇవ్వటం ఆపాలి, కొత్త రక్తం తయారయ్యేదాకా ప్రాణం నిలబెట్టాలి. సెలైన్ ఎక్కించాం, ఐరన్ టానిక్కు పట్టించాం. మధ్యలో ఒకరోజు అది కళ్ళు కూడా తెరవలేదు. ఆ రోజు కరుణమ్మగారు ఇంటికెళ్ళనన్నారు. ఆస్పత్రి మూసేదాకా దాని మీద తడిగుడ్డ మారుస్తూ, ఏదో కీర్తన చిన్నగా పాడుకుంటూ కూర్చున్నారు. మర్నాటికి అది తోకాడించింది. ముందు మూత్రం తేటపడింది. చిగుళ్ళకి రంగు రావటానికి చాలా ఎక్కువ రోజులు పట్టింది. కాలవలకి నీళ్ళొదిలేసరికి మోతీ మళ్ళీ గోడ దూకుతోందని, పక్కింటాయన మళ్ళీ అరుస్తున్నాడని జయరావు వచ్చి సంతోషంగా చెప్పాడు. ఆ తర్వాత అది చాలా వేసవులే చూసింది.

ఈ కేసు నా పనిని మార్చింది. పశువు గురించి యజమాని చెప్పే వివరాలని మేము హిస్టరీ అంటాం. హిస్టరీలో నేను అంతవరకూ ఏం పెడతారనే అడిగేవాణ్ణి. ఆ తర్వాత ఇంకో రెండు అడగటం మొదలుపెట్టాను. తిండి పెట్టేది ఎవరు? దానికి జబ్బు రాకుండా, బలం రావటానికి ఏమిస్తారు? మొదటిదానికి జవాబొస్తే రెండోది అడగాల్సిన మనిషి ఎవరో తెలుస్తుంది. పిల్లల చేతి చాక్లెట్లు, ద్రాక్షపళ్ళు కుక్కలకి ఎంత చెడో తర్వాతి సంవత్సరాల్లో తెలుసుకున్నాం. చల్లపల్లి నుంచి వచ్చిన ఒకాయన నులిపురుగులు పోతాయని కుక్కకి రోజూ వెల్లుల్లి మింగిస్తున్న సంగతి ఆ రెండో ప్రశ్నకే బయటపడింది. శత్రువులు పెట్టిన విషం నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఇష్టంగా పెట్టినవే.

అలాంటప్పుడు ఆ మాట చెప్పటం ఎలాగన్నది కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. దాచకుండా చెబుతాను. చెప్పి, కాసేపు ఆగుతాను. చాలామంది జరిగినదాన్నే తలుచుకుని, నా చేత్తోనే పెట్టానే, నేను పెట్టకపోయుంటే, అని మొదలుపెడతారు. ఆ దారి ఎంత పొడుగో నాకు తెలుసు. కొందరు మాత్రం కరుణమ్మగారిలా, మానేస్తే బతుకుతుందా అని అడుగుతారు. అడిగినవాళ్ళకి జవాబు చెబుతాను. అడగనివాళ్ళ దగ్గర, ఆ ప్రశ్న కూడా నేనే వేస్తాను.